రక్తపింజరిని రాసిపెట్టిన వైద్యుడు, సామర్లకోట తోటమాలి

స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ ప్రతి జీవికీ రెండు మాటల పేరు పెట్టే పద్ధతి తెచ్చాక, శిష్యులు కొత్త మొక్కలను వెతుకుతూ ఓడలెక్కారు. వారిలో యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో డేనిష్ వారి స్థావరమైన తరంగంబాడికి వైద్యుడిగా వచ్చారు. 1778లో ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, సయాం, మలక్కాల దాకా తిరిగారు. 1785లో జగన్నాథపురంలో, అంటే ఇప్పటి కాకినాడలో, కన్నుమూశారు. కరివేప చెట్టుకు లిన్నేయస్ పెట్టిన శాస్త్రీయ నామంలో ఈయన పేరే ఉంది.

కంపెనీలో కోనిగ్ చేసిన ఉద్యోగం ఆయన తర్వాత ప్యాట్రిక్ రస్సెల్‌కు దక్కింది. ఎడిన్‌బరోలో పుట్టిన ఈ వైద్యుడు అంతకుముందు సిరియాలోని అలెప్పోలో పనిచేశారు. తమ్ముడు విశాఖపట్నంలో కంపెనీ అధికారి కావడంతో ఆయనా అక్కడికే వచ్చారు. పాముకాటుతో జనం చనిపోతుంటే, ఏ పాము విషపుదో, ఏది కాదో తేల్చి చెప్పే పుస్తకం అప్పటికి లేదు. చర్మం మీది పొడలను, పొలుసులను నమ్మితే పొరపాటు పడవచ్చు. అందుకే రస్సెల్ పాముల నోరు తెరిచి కోరలు చూశారు. వాటిచేత కోళ్లను, కుక్కలను కరిపించి ఎంతసేపటికి ప్రాణం పోతుందో రాసుకున్నారు. ఈనాటి దృష్టికి అది క్రూరమే. కానీ ఊహల మీద నడిచిన వైద్యానికి ఆధారం దొరికింది అలాగే.

స్థానికులు చెప్పిన తెలుగు పేర్లను ఆయన వదిలేయలేదు. 1796లో అచ్చయిన పాముల గ్రంథంలో రక్తపింజరి ‘కాటుక రేకుల పొడ’గా కనిపిస్తుంది. మరుసటి ఏడాదే ఆ పాము శాస్త్రీయ నామంలో రస్సెల్ పేరు చేరింది. కోస్తా నుంచి మంజీర నది ఒడ్డు పొలాల దాకా రైతుకు ఇప్పటికీ భయం పుట్టించేది ఈ పామే. ‘బంగారం పాము’ అని ఆయన రాసుకున్న పేరు కట్లపాముల ప్రజాతికి ‘బుంగారస్’గా ప్రపంచమంతటా స్థిరపడింది. 1803లో విశాఖ తీరపు రెండు వందల చేపల పుస్తకమూ వెలువడింది.

అదే కంపెనీలో వైద్యుడైన విలియం రాక్స్‌బర్గ్ పని వేరు. 1781 నుంచి సామర్లకోటలో తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క పెంచారు. కంపెనీకి కావలసింది లాభం తెచ్చే పంట. ఆయన మాత్రం వానలను కొలిచారు, అడవి మొక్కల వివరాలు రాశారు, ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు చెట్టు ఆకుల నుంచి నీలిమందు తీయవచ్చని చూపించారు. 1787 ఉప్పెనలో పుస్తకాలు, ఎండబెట్టి దాచిన మొక్కలు పోయినా మళ్లీ మొదలుపెట్టారు.

ఆయన మొక్కల బొమ్మలు గీసింది ఇక్కడి చిత్రకారులు. కోరమండల్ మొక్కల గ్రంథం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, మూడు వందల చిత్రఫలకాలతో లండన్‌లో వెలువడింది. కుంచె పట్టినవారి పేర్లు మాత్రం చరిత్రకెక్కలేదు. పాములు పట్టి తెచ్చినవారి సంగతీ అంతే. వారి చేయి లేకుండా ఈ పుస్తకాల్లో ఒక్కటీ పుట్టేది కాదు. రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వృక్షోద్యానానికి మారారు. చివరి సంపుటం పూర్తికాకముందే, 1815లో ఎడిన్‌బరోలో మరణించారు.