నడకకూ ఓ సెలవు కావాలి

"మీరు ఎన్ని రోజులకొకసారి సెలవు తీసుకుంటారమ్మా?" అని అడిగారు ఎముకల డాక్టరుగారు.

"ఆదివారాలు, రెండో శనివారం, నాలుగో శనివారం" అన్నాను. బ్యాంకువాళ్లను ఎవరడిగినా నోటికొచ్చే జవాబు అదే కదా!

ఆయన నవ్వి, "బ్యాంకుకి కాదు, నడకకి" అన్నారు.

దానికి నా దగ్గర జవాబు లేదు. 72 రోజులుగా ఒక్కరోజు కూడా మానలేదు. అది నా గొప్ప అనుకున్నాను. కుడి పాదంలో ఎముక చిట్లడానికి అదే కారణమని ఆ రోజే తెలిసింది.

అసలు సంగతి నవంబరులో చేయించుకున్న ఆరోగ్య పరీక్షలతో మొదలైంది. నా హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగరు గుమ్మం దాకా వచ్చినట్టే. మా అమ్మ ఇరవై ఏళ్లు షుగరుతో పడ్డ అవస్థ కళ్లారా చూసినదాన్ని. నాకు 51 ఏళ్లు. భయం వేసింది. డిసెంబరు ఒకటో తేదీన విశాఖ బీచ్ రోడ్డు మీద నడక మొదలుపెట్టాను. రెండు కిలోమీటర్లు మూడు వారాల్లో అయిదయ్యాయి. సంక్రాంతికల్లా ఎనిమిదయ్యాయి, అందులో సగం పరుగు. స్నేహితుల ఫోన్ గ్రూపులో రోజూ అడుగుల లెక్క పెట్టుకునేవాళ్లం. ఆ లెక్క తెగకూడదని జ్వరం వచ్చిన రోజు కూడా వెళ్లాను. పాదం పైభాగంలో నొప్పి మొదలైతే ఆయింట్‌మెంటు రాసుకుని మరీ నడిచాను.

ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. మొదటి వారాల్లో ఈ చీలిక ఎక్స్‌రేకి తరచు అందదట. ఎంఆర్‌ఐలో బయటపడింది. "దీన్ని మార్చ్ ఫ్రాక్చర్ అంటారు" అన్నారు డాక్టరుగారు. మార్చి అనగానే నాకు ఇయర్ ఎండ్ క్లోజింగే గుర్తొచ్చింది. కాదట. బరువులు మోస్తూ మైళ్లకొద్దీ కవాతు చేసే సైనికుల పాదాల్లో ఈ బాధను 1855లోనే ఒక ప్రష్యా సైనిక వైద్యుడు గుర్తించి రాశాడు. కవాతు వల్ల వచ్చేది కాబట్టి ఆ పేరు. అయితేనేం, ఆ ఏడాది మార్చి నెలంతా కాలికి గట్టి బూటు తొడుక్కునే కౌంటర్లో కూర్చున్నాను!

ఆ ఆరు వారాల్లో డాక్టరుగారిని అడిగి, చదివి తెలుసుకున్నది మీతో పంచుకుంటాను.

ఎముక రాయి లాంటిది కాదు, నిత్యం మరమ్మతు జరిగే ఇల్లు లాంటిది. నడిచినప్పుడు, పరుగెత్తినప్పుడు పడే ఒత్తిడికి అందులో కంటికి కనబడని పగుళ్లు వస్తాయి. ఒక రకం కణాలు ముందు ఆ పాత భాగాన్ని తవ్వి తీసేస్తాయి. తరవాత మరో రకం కణాలు అక్కడ కొత్త ఎముకను కడతాయి. తవ్వకం కొన్ని వారాల్లో పూర్తవుతుంది, కట్టడానికి మాత్రం నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో ఆ చోటు కాస్త బలహీనంగా ఉంటుంది. అప్పుడు విశ్రాంతి లేకుండా, దూరం పెంచుకుంటూ పోతే చిన్న పగుళ్లు కలిసి చీలికవుతాయి. నెలసరి ఆగే వయసులో ఆడవాళ్ల ఎముకలు సాంద్రత కోల్పోతుంటాయి కాబట్టి మనకు ఆ ముప్పు ఇంకాస్త ఎక్కువ.

కండరాల కథా ఇంతే. బరువులెత్తినప్పుడు కండరం పెరగదు, అలసిపోతుంది, దాని పోగులు కొంత దెబ్బతింటాయి. ఆ తరవాత 24 నుంచి 48 గంటల పాటు శరీరం కొత్త మాంసకృత్తులతో వాటిని బాగుచేస్తుంది. కండరాల్లో నిల్వ ఉండే ఇంధనం బాగా ఖర్చయితే మళ్లీ నిండడానికి సుమారు ఒక రోజు పడుతుంది. మరమ్మతుకు తోడ్పడే గ్రోత్ హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలో.

మన భాషలో చెప్పాలంటే, పగలంతా కౌంటర్లో ఎన్ని లావాదేవీలు చేసినా డే ఎండ్ కానిదే మర్నాటి తేదీ తెరుచుకోదు. వ్యాయామం లావాదేవీ అయితే, విశ్రాంతి డే ఎండ్. నేను 72 రోజులు డే ఎండ్ చేయకుండానే కౌంటర్ నడపాలని చూశాను.

"మరి ఒకరోజు మానేస్తే షుగరు పెరగదా?" ఇదే నా భయం కూడా. ఒకసారి వ్యాయామం చేస్తే ఇన్సులిన్‌కు శరీరం బాగా స్పందించే గుణం 24 గంటలకు పైగా, కొందరిలో 72 గంటల దాకా నిలుస్తుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ రోజూ తప్పక చేయమనదు, వరసగా రెండు రోజులకు మించి ఖాళీ ఇవ్వవద్దంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే లెక్క కూడా వారానిదే: కనీసం 150 నిమిషాల ఓ మాదిరి వ్యాయామం, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు నడిస్తే 150 నిమిషాలు పూర్తి!

విశ్రాంతి అంటే రోజంతా మంచం మీద పడుకోవడం కాదు. మెల్లగా కూరల బజారుకు వెళ్లి రావచ్చు, నాలుగు ఆసనాలు వేసుకోవచ్చు. ఆయాసం, నొప్పి రాకుండా ఉంటే చాలు. అయితే మా ఆడవాళ్లకు ఇక్కడో చిక్కుంది. ఆదివారం నడక మానేసి, అటక సర్ది, కర్టెన్లు ఉతికి, చుట్టాలకు వంట చేస్తే పాదాలకు విశ్రాంతి ఎక్కడ? ఈ మాట ఇంట్లో పైకి అనడానికి నాకు కాలు విరగాల్సి వచ్చింది. ఇప్పుడు ఆదివారం ఇల్లు తుడవడం మావారిది, మధ్యాహ్నం గిన్నెలు మా అబ్బాయివి.

పిల్లల విషయం కూడా గమనించండి. క్రికెట్ కోచింగ్ అని ఏడు రోజులూ పంపితే ఎదిగే ఎముకలు తట్టుకోలేవు. వారానికి కనీసం ఒక రోజు ఆట నుంచి సెలవు ఇవ్వాలని పిల్లల వైద్యులు చెబుతారు. 2019లో మన బుమ్రాకు నడుము ఎముకలో వచ్చింది కూడా ఈ ఒత్తిడి చీలికే. అన్ని సదుపాయాలున్న ఆటగాడికే తప్పలేదు.

శరీరం ముందే హెచ్చరిస్తుంది. నిద్ర లేవగానే నాడి మామూలుకన్నా వేగంగా కొట్టుకోవడం, అలసిపోయినా నిద్ర పట్టకపోవడం, చీటికీమాటికీ విసుగు, నిన్న తేలికైన దూరం ఇవాళ బరువనిపించడం, ఇవన్నీ సెలవు అర్జీలే. రెండు మూడు రోజుల్లో తగ్గే ఒళ్లునొప్పులు సహజం. కానీ ఒకేచోట వేలు పెట్టి చూపగలిగే నొప్పి నడిచేకొద్దీ పెరిగితే ఆగిపోయి డాక్టరుకు చూపించండి. నేను చేసిన తప్పు అదే.

ఇప్పుడు సోమ, మంగళ, గురు, శుక్రవారాలు 40 నిమిషాలు నడుస్తాను. బుధ, శనివారాలు ఇంట్లోనే ఇరవై నిమిషాలు చిన్న డంబెల్స్‌తో వ్యాయామం, అప్పుడు పాదాలకు సెలవు. ఆదివారం పూర్తి సెలవు. జులైలో పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ 5.9 ఉంది. గుమ్మంలోనే ఉన్నా, ముఖం ఇప్పుడు వీధివైపు తిరిగింది.

ఫోన్ గ్రూపులో నా అడుగుల లెక్క ఆదివారం పడిపోతుంది. మొదట్లో "మేడమ్, ఈరోజు హాలిడేనా?" అని ఏడిపించేవారు. "అవును, పెయిడ్ హాలిడే" అంటాను. జీతం మర్నాటి ఉదయం కాళ్లలో జమవుతుంది.