పట్టా ఎవరి పేరు మీదున్నది?

సాఫ్ట్‌వేర్ కంపెనీ పెడ్తున్న తమ్ముండ్లు, చెల్లెండ్లు! జర ఇనుండ్రి.

మా సంఘం సైటు చేసిచ్చినాయన డొమైన్ తన పేరు మీదనే తీసుకున్నడు. మాట తేడా వచ్చింది, సైటు బందైంది. మా పేరు మాకు దక్కలే.

డొమైన్ పట్టా అసొంటిది, హోస్టింగ్ కిరాయి ఇల్లు. ఇల్లు నచ్చకపోతే సామాను సదురుకొని ఇంకోతాన దిగొచ్చు. నేమ్‌సర్వర్లు మారిస్తే అదే పేరు కొత్తింటికి తొవ్వ జూపిస్తది. పట్టానే మందిదైతే ఏం జేస్తం?

గందుకే రిజిస్ట్రార్ ఖాతా మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తోనే తెరువుండ్రి. పట్టాకు లేని మెలిక ఒకటున్నది: గడువుకు ముందే రెన్యువల్ కట్టాలె, మరిస్తే పేరు పోతది. యాప్‌కు వేరే పేరు కొనొద్దు, సబ్‌డొమైన్ చాలు. మొదలు సాదా హెచ్‌టీఎంఎల్ పేజీలు పెట్టుండ్రి, సిగ్నల్ తక్కువున్న ఊర్లె సుత జెల్ది తెరుసుకుంటయి.

చెమట మీది. పేరు సుత మీదే ఉండాలె.