బహుళజాతి సంస్థలు – మానవ హక్కుల బాధ్యత

విజయవాడ: విదేశంలో పెట్టుబడి పెట్టిన సంస్థకు లాభార్జనతో పాటు అక్కడి కార్మికుల, పరిసర ప్రజల హక్కులను గౌరవించవలసిన బాధ్యత కూడా ఉంది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి 2011లో ఆమోదించిన మార్గదర్శక సూత్రాల సారాంశమిదే. హక్కుల పరిరక్షణ ప్రభుత్వ విధి కాగా, వాటికి భంగం కలుగకుండా ముందుగా జాగ్రత్త వహించడం, భంగం కలిగినచో పరిహారం చెల్లించడం సంస్థల బాధ్యత.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో విశాఖపట్నం దుర్ఘటన తెలియజేసింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మృతి చెందారు. దీని మాతృసంస్థ దక్షిణ కొరియాకు చెందిన ఎల్.జి. కెమ్. నిల్వ ట్యాంకులో ఉష్ణోగ్రత నియంత్రణ లోపించిందని, హెచ్చరిక సైరన్ మోగలేదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ నిర్ధారించింది. ప్రమాదకర కర్మాగారాలు పరిసర ప్రజలకు సైతం ముప్పు వివరాలు తెలియజేయాలని భోపాల్ విషాదం అనంతరం 1987లోనే ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించిన విషయం గమనార్హం. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించిన రూ. 50 కోట్ల డిపాజిట్ ప్రమాదం జరిగిన తరువాతి చర్య మాత్రమే.

ఈ బాధ్యత సొంత కర్మాగారం గేటు వద్ద ముగియదు. విజయవాడ ఆటోనగర్‌లోని చిన్న వర్క్‌షాపు ఏదైనా బహుళజాతి సంస్థకు విడిభాగాలు సరఫరా చేసినచో, అక్కడి వెల్డింగ్ కార్మికుని భద్రత కూడా ఆ సంస్థ పరిశీలించవలసిన అంశమే అవుతుంది.