ఆడవేషం - మగతనం

వార్షికోత్సవం దగ్గర పడితే మన మగపిల్లల హాస్టల్లో మొదట వచ్చే తగువు, నాటకంలో ఆడవేషం ఎవరు వేస్తారని. వేసినవాణ్ణి ఏడాదంతా ఆ పాత్ర పేరుతోనే పిలిచి ఏడిపిస్తాం. ఆ వేషం కథ మనం అనుకున్నదానికన్నా చాలా పాతది.

సుమారు 2500 ఏళ్ల క్రితం గ్రీకుల ఏథెన్స్ నగరంలో ఏటా వసంతకాలంలో దేవుడి ఉత్సవాలకు నాటకాల పోటీలు జరిగేవి. సోఫొక్లీస్ రాసిన 'యాంటిగని'లో రాజాజ్ఞను ధిక్కరించి, తోడబుట్టినవాడి శవం మీద మట్టి చల్లేది ఒక ఆడపిల్ల. ఆ పాత్ర వేసింది మాత్రం మాస్కు తొడుక్కున్న మగవాడు! ఆ ఊళ్లో స్త్రీకి ఓటు లేదు, సభలో మాట్లాడే హక్కు లేదు. ధైర్యానికి వాళ్ల మాట 'ఆంద్రేయా'. అది 'మగవాడు' అనే మాటలోంచి వచ్చింది. మనం వాళ్లని చూసి నవ్వక్కర్లేదు. మన 'పౌరుషం' కూడా 'పురుషుడి'లోంచే పుట్టింది.

హాస్టల్లో మన కంచం మనమే కడుక్కుంటాం, మన బట్టలు మనమే ఉతుక్కుంటాం. ఎవరి పౌరుషమూ తగ్గలేదు. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. అయినా సెలవులకు వెళ్తే, చెరకు తోటలో పని చేసి వచ్చిన అమ్మ తీస్తుందని కంచం అక్కడే వదిలి లేచిపోయేవాళ్లం.

మన తెలుగు నాటకంలోనూ చాలాకాలం స్త్రీ పాత్రలు మగవాళ్లవే. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు గారు సత్యభామగా, చింతామణిగా తెర మీదికి వస్తే జనం విరగబడి చూసేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మనం ఏడిపించే వేషానికే ఆ గౌరవం!

మన జిల్లాలోని ఎస్. రాయవరంలో 1862లో పుట్టిన గురజాడ అప్పారావు గారు ఇంకా చిత్రం చేశారు. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో కరటక శాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెడతాడు. పెళ్లికొడుకు పసిగట్టలేడు. చివర్లో మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళ్తుంది. ఆ మధురవాణి పాత్రకు కూడా స్థానం వారు పేరు పొందారు. మగవాడు ఆడదై, ఆ ఆడది మళ్లీ మగవాడవడం! అందరి లెక్కలూ చీర, పంచె చూసి వేసినవేనని గురజాడ వారు నవ్వించారనిపిస్తుంది.

అయితే ఒక సంగతి మరవకూడదు. ఆడవేషం వేసిన మగవాడికి చప్పట్లు కొట్టినవాళ్లే, సంసార స్త్రీ స్టేజి ఎక్కితే మాటలనేవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభి కుటుంబాల్లో అలా కాదు. అక్కడ భార్యాభర్తలూ పిల్లలూ కలిసే వేషాలు కట్టారు, కలిసే ఊరూరా తిరిగారు. 1932లో మొదటి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదలైనప్పుడు, అందులో లీలావతిగా కనిపించిన కమలాబాయి ఆ సురభి వారి పిల్లే.