కోర్‌కి కట్టేస్తే సరిపోతుందా?

ప్రాసెసర్ అఫినిటీ అంటే ఏంటి? ఓఎస్ పేపర్లో ఇది రెండు మార్కుల ప్రశ్న. ‘ఒక ప్రాసెస్ ఫలానా కోర్ మీదే నడిచేలా కట్టేయడం’ అని రాస్తే రెండు మార్కులూ వచ్చేస్తాయి. ఇంటర్వ్యూలో మాత్రం అక్కడితో వదలరు. ‘సరే, కట్టేశారు. ఇప్పుడు షెడ్యూలర్ లోడ్‌ని ఎలా సర్దుతుంది?’ అంటారు. హన్మకొండలో జూనియర్లకు మాక్ ఇంటర్వ్యూలు పెట్టినప్పుడు నేను చూశాను, ఎక్కువమంది నోరు మూతపడేది ఇక్కడే.

కట్టేయడం ఎందుకో ముందు చూద్దాం. ఒక కోర్ మీద నడిచిన ప్రాసెస్ డేటా ఆ కోర్ క్యాష్‌లో ఉంటుంది. దాన్ని వేరే కోర్‌కి మారిస్తే ఆ డేటాను మళ్లీ తెచ్చుకోవాలి, టైమ్ పోతుంది. అందుకే ‘దీన్ని కదపొద్దు’ అని చెప్పే సిస్టమ్ కాల్ లినక్స్‌లోకి 2002లో వచ్చింది. టెర్మినల్ నుంచైతే టాస్క్‌సెట్ కమాండ్ ఉంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మన కాజీపేట, వరంగల్ స్టేషన్లనే తీసుకోండి. వరంగల్లో ప్లాట్‌ఫాం ఖాళీగా ఉంది కదా అని తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌ను అటు మళ్లించలేరు. దాని దారి కాజీపేట దగ్గరే బల్లార్షా వైపు తిరిగిపోతుంది. రెండు స్టేషన్లలో కలిపి ఎన్ని బండ్లున్నాయని లెక్కపెట్టినంత మాత్రాన ఎవరికి ఎంత బరువో తెలియదు. ఏ బండి ఎక్కడికి వెళ్లగలదో కూడా చూడాలి.

లినక్స్ షెడ్యూలర్‌లో సరిగ్గా ఇదే సమస్య వచ్చింది. కెర్నల్ సోర్సులో ‘ఫెయిర్.సి’ అనే ఫైల్ తెరిస్తే డెవలపర్లు కామెంటుగా రాసిపెట్టిన ఉదాహరణ కనిపిస్తుంది. ఎనిమిది కోర్లు. 0 నుంచి 3 వరకు ఒక గ్రూపు, 4 నుంచి 7 వరకు ఇంకో గ్రూపు. నాలుగు టాస్కులున్నాయి. వాటికి 3, 4, 5, 6 కోర్ల మీద మాత్రమే అనుమతి. మామూలు లెక్కలో షెడ్యూలర్ గ్రూపుకు రెండు చొప్పున పంచేస్తుంది. కాగితం మీద చక్కగా సమానం! కానీ మొదటి గ్రూపులో వాడుకోవడానికి ఉన్నది 3వ కోర్ ఒక్కటే. రెండు టాస్కులూ దాని మీదే కుస్తీ పడతాయి. రెండో గ్రూపులో అనుమతి ఉన్న కోర్ ఒకటి ఖాళీగా కూర్చుంటుంది.

పెన్ను తీసి ఒక్కసారి వేసి చూడండి, చదివితే ఎక్కదు.

దీనికి వాళ్లు చేసిన ఫిక్స్ ఏంటంటే, కింది స్థాయిలో టాస్కును కదపబోయి అఫినిటీ అడ్డు వల్ల కుదరకపోతే, ఆ గ్రూపు మీద ‘ఇక్కడ బ్యాలెన్స్ కుదరలేదు’ అని గుర్తు పెడతారు. పై స్థాయి దాన్ని చూసి, సగటు సమానంగా ఉన్నా సరే, ఆ గ్రూపునుంచి ఒక టాస్కును బయటికి లాగుతుంది. మరుసటి విడతలో ఆ గుర్తు కనిపించకపోతే? మళ్లీ రెండు–రెండు చేసేయొచ్చు. ఈ పద్ధతి చాలా సున్నితమైనదని ఆ కామెంటే ఒప్పుకుంటుంది.

మరి పక్కాగా చేయొచ్చు కదా అని మీరడగొచ్చు. ప్రతిసారీ ప్రతి టాస్క్‌కీ ఏయే కోర్ల మీద అనుమతి ఉందో చూస్తూ కూర్చుంటే, ఆ లెక్కలకే సీపీయూ సమయం ఖర్చవుతుంది. అఫినిటీ వాడని మెషీన్లు కూడా ఆ ఖర్చు మోయాలి. ‘కట్టేసింది యూజర్, నష్టమొస్తే అతనిదే’ అనేది ఒక వాదన. ‘మూడు కోర్లు ఇచ్చినా షెడ్యూలర్ ఒక్కటే వాడితే తప్పు యూజర్‌ది ఎలా అవుతుంది?’ అనేది రెండోది. నా ఓటు రెండోదానికే.

ఎందుకో చెప్పే ఉదాహరణ 2016లో యూరోసిస్ సదస్సులో వచ్చిన పేపర్. దశాబ్దంగా లినక్స్ షెడ్యూలర్ కోర్లను ఎలా వృథా చేస్తోందో అందులో చూపించారు. 64 కోర్ల మెషీన్ మీద ఒక ప్రోగ్రామ్‌ను టాస్క్‌సెట్‌తో రెండు నోడ్‌లకు పరిమితం చేశారు. ఆ రెండు నోడ్‌లూ ఒకదానికొకటి దూరంగా ఉన్నవైతే, థ్రెడ్లన్నీ పుట్టిన నోడ్‌లోనే ఉండిపోయాయి. సగం కోర్లు ఖాళీ కాబట్టి రెండింతలు స్లో అవుతుందనుకుంటాం. ‘ఎల్‌యూ’ అనే బెంచ్‌మార్క్ 27 రెట్లు స్లో అయింది! ఒక థ్రెడ్ కోసం మిగతావి ఎదురుచూస్తూ సీపీయూను తినేయడమే కారణం. ఎర్రర్ లేదు, క్రాష్ లేదు. ఇలాంటి బగ్ ఎవరికి దొరుకుతుంది చెప్పండి?

నాకూ ఒకటి తగిలింది, చిన్న సైజులో. మొదటి ఉద్యోగంలో సర్వర్ స్పీడు పెంచుదామని హుషారుగా నాలుగు వర్కర్లను నాలుగు కోర్లకు కట్టేశా. పగలంతా బాగుంది. రాత్రయితే ఒక వర్కర్ మాత్రం వెనకబడేది. వారం రోజులు నా కోడ్‌నే తిట్టుకున్నా. తీరా చూస్తే, ఎప్పుడో ఎవరో రాత్రి బ్యాకప్ స్క్రిప్టును కూడా అదే కోర్‌కి కట్టి వెళ్లారు. పక్కన కోర్లు ఖాళీ. షెడ్యూలర్ ఏం చేస్తుంది పాపం, మేమిద్దరం కలిసి దాని చేతులు కట్టేశాం.

మీ ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఉంటే ఈ సాయంత్రమే చేసి చూడండి. ఆగకుండా తిరిగే లూప్ ప్రోగ్రామ్ ఒకటి రాసి, రెండు కాపీలను టాస్క్‌సెట్‌తో 0వ కోర్‌కి కట్టండి. టాప్ కమాండ్‌లో ఒక్కోటి 50 శాతం దగ్గర కనిపిస్తుంది. తర్వాత ఒకదాన్ని విప్పేయండి, రెండూ వందకు చేరతాయి. విండోస్ అయితే టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌కి వెళ్లి, ప్రాసెస్ మీద రైట్ క్లిక్ కొడితే సెట్ అఫినిటీ ఉంటుంది. ఆ స్క్రీన్‌షాట్లు దాచుకోండి. ఇంటర్వ్యూలో అఫినిటీ మాట వచ్చినప్పుడు ‘సర్, నేను చేసి చూశాను’ అని 3, 4, 5, 6 కోర్ల బొమ్మ కాగితం మీద వేస్తే, తర్వాతి పావుగంట మాట్లాడటానికి మీకే బోలెడు ఉంటుంది.