డైరెక్టర్స్ కట్ చూడాలా? థియేటర్ వెర్షన్ సరిపోతుందా?

కొత్త ఓలెడ్ టీవీ వచ్చింది, సౌండ్‌బార్ సెట్ అయింది. ఆదివారం సాయంత్రం ఫ్రెండ్స్‌ని పిలిచి 'కింగ్‌డమ్ ఆఫ్ హెవెన్' పెడదామనుకున్నారు. ఒక్క నిమిషం! ప్లే నొక్కే ముందు రన్‌టైమ్ చూడండి. అక్కడ 2 గంటల 24 నిమిషాలు అని ఉంటే వెనక్కి వచ్చేయండి.

2005లో థియేటర్లలో ఆడింది ఆ వెర్షనే. రిడ్లీ స్కాట్ డైరెక్టర్స్ కట్ మాత్రం 3 గంటలు దాటుతుంది. తేడా ఏంటంటే, యువరాణి సిబిల్లాకి ఓ చిన్న కొడుకు ఉంటాడు. కుష్ఠువ్యాధితో ఉన్న రాజు చనిపోయాక సింహాసనం ఎక్కేది ఆ పిల్లాడే. థియేటర్ వెర్షన్‌లో ఈ కథ మొత్తం ఎగిరిపోయింది. కొడుకు విషయంలో ఆ తల్లి ఏం చేసిందో ఇక్కడ చెప్పను, స్పాయిలర్ అవుతుంది. కానీ అది తెలియకపోతే చివర్లో ఆమె ఎందుకంతగా కుంగిపోయిందో, జుట్టు ఎందుకు కత్తిరించుకుందో అర్థం కాదు. ఇంటికి స్తంభం తీసేసి, పైకప్పు ఎందుకు వంగిందని అడిగినట్టుంటుంది.

అలాగని ఎక్కువ నిడివి ఉంటే మంచి సినిమా అనుకోకండి. అదే స్కాట్ తీసిన 'ఏలియన్' (1979) ఉంది కదా, 2003లో వచ్చిన దాని డైరెక్టర్స్ కట్ ఒరిజినల్ కంటే ఓ నిమిషం తక్కువే! 'బ్లేడ్ రన్నర్' విషయం ఇంకా తమాషా. 1982 వెర్షన్‌లో హారిసన్ ఫోర్డ్ వాయిస్ ఓవర్ వెనకాల కథ చెబుతూనే ఉంటుంది, చివర్లో అతికించిన హ్యాపీ ఎండింగ్ ఒకటి. 1992లో ఆ రెండూ తీసేసి, యూనికార్న్ కల ఒకటి కలిపారు. అంతే, సినిమా అర్థమే మారిపోయింది. ఇక్కడ మేలు చేసింది ముఖ్యంగా తీసేయడమే.

ఇప్పుడు ఫ్యాన్స్ నన్ను కొట్టే మాట. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మొదటిసారి చూస్తున్నారా? ఎక్స్‌టెండెడ్ ఎడిషన్ జోలికి వెళ్లకండి. 'రిటర్న్ ఆఫ్ ద కింగ్' థియేటర్లలో 201 నిమిషాలు, 11 ఆస్కార్లు గెలిచింది ఆ వెర్షనే. ఎక్స్‌టెండెడ్‌లో దాదాపు 50 నిమిషాలు అదనం. సారుమాన్ ఏమయ్యాడో అందులోనే తెలుస్తుంది, ఒప్పుకుంటా. కానీ యుద్ధం మధ్యలో నల్ల ఓడలు వస్తాయి చూడండి, శత్రువులకి సాయం వచ్చిందనుకుంటే అందులోంచి అరగార్న్ దూకుతాడు. థియేటర్‌లో అది గూస్‌బంప్స్ సీన్. ఎక్స్‌టెండెడ్‌లో ఆ ఓడల్ని అరగార్న్ అడ్డుకునే సీన్ ముందే చూపించేస్తారు. ఇక సర్‌ప్రైజ్ ఎక్కడిది? రెండోసారి చూసేవాళ్లకి అది బోనస్, మొదటిసారి చూసేవాళ్లకి నష్టం. మొదటిసారి అనేది ఒక్కసారే కదా వచ్చేది.

మన దగ్గర 'పుష్ప 2' అప్పటికే 200 నిమిషాలు. 2025 జనవరి 17న ఇంకో 20 నిమిషాలు కలిపి రీలోడెడ్ అన్నారు. నాకైతే అది కథలో ఖాళీ నింపడానికి కాదు, జనాన్ని మళ్లీ థియేటర్‌కి రప్పించడానికే అనిపించింది. అదే ఏడాది అక్టోబర్‌లో రాజమౌళి రివర్స్‌లో వెళ్లారు. 5 గంటలు దాటే రెండు 'బాహుబలి' భాగాల్ని ఒకే సినిమాగా, సుమారు 3 గంటల 45 నిమిషాలకి కుదించారు. అవంతిక ప్రేమకథలో చాలా భాగం, కొన్ని పాటలు పోయాయి. పెద్దగా మిస్ అయినట్టు మీకు అనిపించిందా?

ఇక టీవీ ముందు కూర్చున్నప్పుడు రెండు విషయాలు. పాల్ ఫార్మాట్ డీవీడీల్లో 24 ఫ్రేమ్‌ల సినిమా 25 ఫ్రేమ్‌లతో నడుస్తుంది. అంటే 150 నిమిషాల సినిమా 144లోనే అయిపోతుంది. ఎవరో సీన్లు కోసేశారని కంగారు పడకండి. అలాగే 242 నిమిషాల 'జాక్ స్నైడర్స్ జస్టిస్ లీగ్' 4:3లో ఉంటుంది. పక్కన నల్ల పట్టీలు కనబడ్డాయని రిమోట్ తీసుకుని స్ట్రెచ్ చేశారంటే సూపర్‌మ్యాన్ లావైపోతాడు.

అన్నట్టు, 'బ్లేడ్ రన్నర్' పెట్టాలనుకుంటే సెర్చ్‌లో 'ఫైనల్ కట్' అని కొట్టండి, 2007లో వచ్చింది. రూమ్‌లో లైట్లు ఆపడం మర్చిపోవద్దు, ఓలెడ్ కొన్నది అందుకే.