వంటింటికి ఏ పొయ్యి మంచిది?



కొత్త ఇల్లు కట్టుకొనేవారు గుమ్మాలకు ఏ కలప వాడాలి, గోడలకు ఏ రంగు వేయాలి అని పదిమందిని అడిగి తెలుసుకుంటారు. పొయ్యి గూర్చి మాత్రం ఎవరినీ అడగరు. ఇల్లాలు దినమంతటిలో ఎక్కువ సమయం గడిపేది దాని ముందే అయినా, దానిని ఎన్నుకొనే మాట వచ్చేసరికి మగవారమైన మనకు తీరిక ఉండదు. ఇతరులను నిందించడానికి ఇది వ్రాయడం లేదు. మేమూ అలాంటివారమే. మా ఇంట జరిగిన సంగతి మీ కుటుంబాలకు ఉపయోగపడుతుందేమో అని వ్రాస్తున్నాము.

కొన్ని సంవత్సరాల క్రితం మేము పాడేరు కొండ ప్రాంతంలోని ఒక గ్రామానికి బదిలీ అయి వెళ్లాము. మైదాన ప్రాంతంలో పుట్టి పెరిగిన మాకు అక్కడి చలి కొత్త. చింతపల్లి మండలంలోని లంబసింగి గూర్చి మీరు వినే ఉంటారు. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఆ చోట కొన్ని శీతాకాలాలలో చలి సున్నా డిగ్రీల దగ్గరకు దిగుతుంది. మా గ్రామంలో అంత లేకపోయినా, డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారి లేవడం కష్టమే.

మాకిచ్చిన ఇంటిలో వంటగది పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. మూలన మట్టి పొయ్యి. పొగ పోవడానికి గొట్టం లేదు. పైకప్పు పెంకులు, వాసాలు మసిబారి నల్లగా ఉండేవి. చలికాలం సాయంత్రం అందరం ఆ పొయ్యి చుట్టూనే చేరేవాళ్లం. మా అమ్మ పీట వేసుకొని గోడకు చేరగిలబడేది. పిల్లలు అక్కడే చదువుకొనేవారు. కుటుంబ ప్రార్థన కూడా అక్కడే జరిగేది.

రెండవ సంవత్సరం మా ఇంటివారికి దగ్గు పట్టుకొంది. మందులు వాడినా తగ్గలేదు. ఆమెను పరీక్షించిన డాక్టరుగారు, "అమ్మగారు వంట దేనిమీద చేస్తున్నారు?" అని అడిగారు. కట్టెల పొయ్యి మీద అని చెప్పగానే, "ముందు పొగ మాన్పించండి, తరువాత మందుల సంగతి చూద్దాం" అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020వ సంవత్సరంలో ఇంటిలోని ఇటువంటి పొగ వలన లోకమంతటా సుమారు 32 లక్షల మంది చనిపోయారు. వంట చేసే స్త్రీలు, వారి కొంగు పట్టుకొని కూర్చునే చిన్నపిల్లలు ఆ పొగను ఎక్కువగా పీలుస్తారు. మనం ఎంతో కాలంగా "కట్టెల పొయ్యి కూర రుచే వేరు" అని మెచ్చుకొంటూ వచ్చాము గాని, ఆ రుచికి వెల చెల్లించేది ఎవరో ఆలోచించలేదు.

పొగ పోయింది, చలి మిగిలింది

వెంటనే గ్యాసు తెచ్చాము. మట్టి పొయ్యి తీసివేయించి, ఆ చోట రాతి అరుగు కట్టించాము. దగ్గు కొద్ది నెలలకు తగ్గుముఖం పట్టింది. మేము ఎంతో సంతోషించాము.

తరువాత చలికాలం వచ్చింది. గ్యాసు మీద అన్నం, కూర అరగంటలో అయిపోయేవి. మంట ఆపితే గది మళ్లీ చల్లబడేది. పిల్లలు ఎవరి దుప్పటిలో వారు దూరేవారు. అమ్మ తన పీట ఎక్కడ వేసుకోవాలో తెలియక ఒక మూల ముడుచుకొని కూర్చునేది. ఒక రాత్రి, "నాయనా, అన్నం వేడిగానే ఉంది గాని ఇల్లు చల్లబడిపోయిందిరా" అన్నది. ఆ మాట మమ్మల్ని చాలాకాలం వెంటాడింది. కోడలి ఆరోగ్యం కోసం మేము చేసినది మంచిదే. అయితే అత్తగారి చోటు తీసివేశామని అంతవరకు మాకు తట్టలేదు.

అమ్మ బాధ చూడలేక మేము ఇంకొక పొరపాటు చేశాము. బొగ్గుల కుంపటి రాజేసి ఆమె గదిలో పెట్టి, చలి రాకుండా తలుపులు, కిటికీలు మూసివేశాము. గంట గడిచేసరికి అమ్మకు తలనొప్పి, వాంతి వచ్చేలా ఉందని పిలిచింది. తలుపు తీసి బయట గాలిలో కూర్చోబెట్టగా తేరుకొన్నది. బొగ్గులు మండేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో నిద్రపోతున్నవారు నిద్రలోనే ప్రాణాలు విడుస్తారు. దయచేసి కుంపటిని పడకగదిలో ఎన్నడూ పెట్టవద్దు.

ఒక అంధుడు చేసిన పొయ్యి

ఆ దినాలలో స్వీడన్ దేశస్థుడైన గుస్తాఫ్ డాలెన్ గూర్చి చదివాము. ఓడలకు దారి చూపే దీపస్తంభాలు వాటంతట అవే వెలిగి ఆరే విధానం కనిపెట్టినందుకు ఆయనకు 1912లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అదే సంవత్సరం ఒక ప్రేలుడులో ఆయన రెండు కళ్లూ పోయాయి. ఇంటిపట్టున ఉండవలసి వచ్చినప్పుడు, తన భార్య వంటింటిలో పడే శ్రమను ఆయన గ్రహించాడని చెబుతారు. కళ్లున్న మనకు కనబడనిది కళ్లులేని ఆయనకు కనబడింది! 1922లో ఆయన ఆగా అనే పొయ్యిని రూపొందించాడు.

దాని కిటుకు ఇది: లోపల చిన్న నిప్పు మాత్రమే ఉంటుంది. దాని వేడిని బరువైన పోత ఇనుము నిలువ చేసికొంటుంది. ఆ వేడి వృథాగా పోకుండా చుట్టూ దట్టమైన పొర, పైన మూతలు ఉంటాయి. రొట్టె కాల్చడానికి, కూర వండడానికి ఆ నిలువ వేడే చాలు. వంటగది కూడా వెచ్చగా ఉంటుంది. 1929లో బ్రిటన్‌కు చేరి అక్కడి రైతు కుటుంబాలలో ఎంతో పేరు పొందింది. ఇరుకు వంటగదుల కోసం ఇప్పుడు సుమారు 60 సెంటీమీటర్ల, అంటే రెండడుగుల వెడల్పు గలవి కూడా చేస్తున్నారు.

అటువంటిది మనం కొనలేము, మన ఎండలకు అది అవసరమూ లేదు. అయితే ఆ సూత్రం మాకు నచ్చింది. బరువైనది వేడిని దాచుకొంటుంది. ఈ పని రాయి, మట్టి కూడా చేస్తాయి కదా!

మేము చేసికొన్న ఏర్పాటు

పొగగొట్టం గల పొయ్యిలు మన దేశానికి కొత్త కాదు. 1980వ దశకంలో మొదలుపెట్టి 2002 వరకు కేంద్ర ప్రభుత్వమే వాటిని గ్రామాలలో కట్టించింది. చాలాచోట్ల గొట్టం శుభ్రం చేసేవారు లేక అవి మూలపడ్డాయి. మా గ్రామంలో అటువంటి పొయ్యిలు కట్టడం తెలిసిన ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన చేత రెండు కళ్ల చిన్న పొయ్యి కట్టించాము. వెడల్పు రెండడుగులు, లోతు మూడడుగులు. ముందు కంటి మీద వంట, వెనుక కంటి మీద నీళ్ల కాగు. చుట్టూ రాయి, మట్టితో మందమైన గోడ. పొగ ఇనుప గొట్టం గుండా పెంకుల పైకి పోతుంది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. అంత చిన్న గదిలో గ్యాసు, కట్టెల మంట రెండూ ఉండకూడదు. వంటగ్యాసు గాలికంటే బరువైనది. కారితే నేలమీద పరచుకొని, నిప్పు ఉన్న చోటికి ప్రాకుతుంది. అందుచేత గ్యాసును, బండను బాగా గాలి వచ్చే ప్రక్క గదికి మార్చి, అక్కడ అరుగు కట్టించాము. ఉదయం, మధ్యాహ్నం వంట గ్యాసు మీదనే. చలికాలం సాయంత్రం మాత్రం రాతి పొయ్యి వెలిగిస్తాము.

పొయ్యి ఎన్నుకొనేవారు ఈ సంగతులు గమనించండి:

1. మీకు కావలసినది వంటా, వెచ్చదనమా? మందపు గోడల పొయ్యి వేడెక్కడానికి మొదట ఎక్కువ కట్టెలు తింటుంది, నిప్పు ఆరిన తరువాత కూడా వేడినిస్తుంది. మైదాన ప్రాంతంవారికి అది దండుగ. వారికి గ్యాసు మేలు.

2. గొట్టం కప్పుకంటే రెండు మూడడుగులైనా పైకి ఉండాలి. తాటాకు, గడ్డి కప్పుల ఇండ్లలో గొట్టం వేడికి, నిప్పురవ్వలకు కొంప అంటుకొంటుంది. అక్కడ పెట్టవద్దు.

3. పొయ్యి నోటి దగ్గర పొగలు వచ్చే కాగితం ముక్క పట్టి చూడండి. పొగ లోపలికి పోతే గొట్టం పని చేస్తున్నట్లు. గదిలోకి వస్తే మసి పట్టినట్లు. వాడే కాలంలో నెలకొకసారి మసి దులపాలి. మా ఇంట ఆ పని మాదే, మా ఇంటివారిది కాదు.

4. గొట్టం ఉన్నా కిటికీ పూర్తిగా మూయవద్దు. కట్టెలు బాగా ఎండినవై ఉండాలి. పచ్చి కట్టె పొగే ఇస్తుంది.

5. గ్యాసు పొయ్యికి ఐ.ఎస్.ఐ. ముద్ర చూడండి. బండ నిలువుగా, పొయ్యికంటే క్రింద ఉండాలి. రబ్బరు గొట్టాన్ని ఐదేళ్లకొకసారి మార్చండి.

6. అన్నిటికంటే ముందు, దానిమీద వంట చేయవలసిన ఆమెను అడగండి. ఎత్తు ఎంత ఉండాలో, నోరు ఏ వైపు ఉండాలో ఆమెకు తెలిసినట్లు మేస్త్రీకి తెలియదు.

ఈ ఆరవ మాట మేము మొదటే పాటించి ఉంటే రెండు సంవత్సరాల దగ్గు, ఒక చలికాలపు ఒంటరితనం తప్పేవి. పొయ్యి కట్టిన మొదటి సాయంత్రం అమ్మ ఎవరూ చెప్పకుండానే తన పీట తెచ్చుకొని గోడకు ఆనుకొని కూర్చున్నది. మా ఇంటివారు చోడి అంబలి కలుపుతూ, "అత్తయ్యా, పొగ వస్తోందా?" అని అడిగారు. "పొగ లేదమ్మా, వెచ్చగా ఉంది" అన్నది అమ్మ. పిల్లలు పుస్తకాలు పట్టుకొని ఒకరి తరువాత ఒకరు వచ్చి చేరారు.

ఈ రాత్రి మీ వంటింటిలోనికి వెళ్లి పది నిమిషాలు కూర్చోండి. కళ్లు మండుతున్నవేమో, దగ్గు వస్తున్నదేమో చూడండి. ఆ పది నిమిషాలు ఓర్చుకోలేకపోతే, ఆమె ఇన్ని సంవత్సరాలు ఎలా ఓర్చుకొన్నదో అడిగి తెలుసుకోండి.